లారీ బెర్త్ కింద సబ్‌వూఫర్ బాక్స్: బాస్ రాకపోతే ఎక్కడ చూడాలి

"బాస్ రావట్లేదు" అని బండి తెచ్చే డ్రైవర్ అన్నలు చాలామంది అప్పటికే ఆంప్ (శబ్దం పెంచే యాంప్లిఫైయర్) మార్చేసి ఉంటారు, లేదంటే కాయిల్ (స్పీకర్ లోపలి తీగచుట్ట) పోయిందని ఎవరో చెప్తే కొత్త స్పీకర్ కొనేసి ఉంటారు. సబ్‌వూఫర్, అంటే బాస్ ఇచ్చే స్పీకర్, కూర్చునే బాక్స్ వైపు మాత్రం ఎవరూ చూడరు. నేను విజయవాడ ఆటోనగర్‌లో చాలా ఏళ్ళుగా ఈ బాక్సులు చేస్తున్నా, కారు డిక్కీలో పెట్టే బాక్స్‌కి వచ్చే రోగాలు వేరు, బెర్త్ కింద ఇరుకులో దూర్చే బాక్స్‌కి వచ్చే రోగాలు వేరు. వైరింగ్, గెయిన్ సెట్టింగ్ లాంటివి మీకు వచ్చనే అనుకుని రాస్తున్నా.

ఏ రోగమైనా సరే ముందు చేయాల్సింది ఒకటే. బాక్స్‌ని బెర్త్ కింద నుంచి బయటికి లాగి, వైర్లు పీకకుండా క్యాబిన్‌లోనే ఖాళీగా ఉన్న చోట పెట్టి, అదే పాట అదే వాల్యూమ్‌లో వాయించండి. 5 నిమిషాలు పట్టదు. బయట బాగుండి లోపల పెడితే బాలేదంటే ఆంప్ మంచిదే, స్పీకర్ మంచిదే, తేడా అంతా చోటులోనే ఉంది. ఇది చూడకుండా వేలకు వేలు పోసినోళ్ళని చూసి చూసి బాధేస్తోంది, దయచేసి ముందు ఇది చేయండి.

సబ్ ఉన్నా లేనట్టే ఉంది, బాస్ సన్నగా వస్తోంది

ప్లస్ మైనస్ తిరగబడి ఉంటుంది. ఆంప్ వైపు వైర్లు తీసేసి, స్పీకర్ ప్లస్‌కి 9 వోల్ట్ బ్యాటరీ ప్లస్, మైనస్‌కి మైనస్ ఒక్క క్షణం తాకించి తీసేయండి, కోన్ (స్పీకర్ ముందు కదిలే గరాటు లాంటి భాగం) బయటికి రావాలి. రెండు స్పీకర్లుంటే రెండూ ఒకేవైపు కదలాలి, ఒకటి బయటికి ఒకటి లోపలికి వెళ్తుంటే ఒకదాని బాస్‌ని ఇంకోటి తినేస్తుంది. ఒకటే స్పీకరైతే డ్రైవర్ సీట్లో కూర్చుని ఆంప్ మీద ఫేజ్ స్విచ్ (కోన్ కదిలే దిశ తిప్పేది) 0లో ఒకసారి, 180లో ఒకసారి విని ఏది నిండుగా ఉంటే అక్కడ వదిలేయండి.

ఏ పాట పెట్టినా ఒకటే బుమ్ బుమ్, కింది బాస్ లేదు

బాక్స్ లోపల గాలి చాలట్లేదు. అందరూ చేసే తప్పు బయటి కొలతలతో లెక్కేయడం. 30 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 6 ఎత్తు బాక్స్ అనుకోండి, గుణించి 1728తో భాగిస్తే 1.25 క్యూబిక్ ఫీట్ వస్తుంది, స్పీకర్‌తో వచ్చే పేపర్లో 1 క్యూబిక్ ఫీట్ చాలని ఉంది కాబట్టి సరిపోయిందని కోసేస్తారు. కానీ 18 ఎం.ఎం. చెక్క అంటే ప్రతి వైపూ 0.7 అంగుళం పోతుంది, లోపల మిగిలేది 28.6, 10.6, 4.6, అంటే 0.8 క్యూబిక్ ఫీట్. అందులో మళ్ళీ మాగ్నెట్ కొంత, లోపల కొట్టిన అడ్డ చెక్కలు కొంత తినేస్తాయి. పెద్ద బాక్స్‌లో ఈ తేడా అంతగా తెలీదు గానీ పల్చటి బాక్స్‌లో మూడో వంతు పైనే పోతోంది చూడండి. ఎత్తు పెంచే వీల్లేకపోతే పొడవు పెంచండి, అదీ కుదరకపోతే తక్కువ గాలితో పనిచేసే షాలో (లోతు తక్కువ) స్పీకర్ తీసుకోండి. దిండ్లలో వేసే ఫైబర్ కొంచెం వదులుగా నింపితే బుమ్ కాస్త మెత్తబడుతుంది, అంతకుమించి ఆశపడొద్దు. ఇంత ఇరుకులో పోర్ట్ బాక్స్ (గాలికి పైపు ఉండేది) జోలికి మాత్రం పోకండి, పైపుకే చోటు చాలదు, సీల్డ్ (పూర్తిగా మూసిన) బాక్సే కట్టండి.

ఒక్కోసారి బాగుంటుంది, ఒక్కోసారి చచ్చిపోతుంది, పట్ పట్ మని చప్పుడు

ఇదే నన్ను బాగా ఏడిపించింది. ఒక 12 టైర్ల బండి మూడుసార్లు తిరిగొచ్చింది నా దగ్గరికి. మొదటిసారి వైర్లన్నీ మళ్ళీ కొట్టాను, రెండోసారి చప్పుడు విని కోన్ పోయిందనుకుని రీకోన్ చేయించాను (కొత్త కోన్ వేయించాను), పాపం ఆ డబ్బు కూడా ఆయనే కట్టాడు. మూడోసారి వచ్చి "తమ్ముడూ, ఖాళీ బండిలో బానే ఉంటది, లోడేసుకుని బయల్దేరితే పోతది" అన్నాడు. లోడు అనగానే నేను కరెంటు మీద పడ్డాను, వోల్టేజ్ పడిపోతోందేమో అని మీటర్ పెట్టి కూర్చున్నా, మీటర్‌లో ఏ తేడా లేదు. ఇంతలో క్లీనర్ కుర్రాడు టీ గ్లాసుతో ఎక్కి బెర్త్ మీద కూర్చున్నాడు, బాస్ ఠక్కున ఆగిపోయి పట్ పట్ మొదలైంది. దిగమన్నాను, మళ్ళీ బాస్ వచ్చింది.

జరిగిందేంటంటే, స్పీకర్ మూతి పైకి ఉంది, బెర్త్ చెక్కకీ బాక్స్‌కీ మధ్య నేను 2 అంగుళాలు వదిలాను, కొలిచింది ఖాళీ బెర్త్‌తో. ఆ చెక్క 12 ఎం.ఎం. ప్లైవుడ్, రెండు చివర్లే ఆని ఉన్నాయి, మనిషి కూర్చుంటే మధ్యలో అంగుళం దిగిపోతుంది. స్పీకర్ అంచు రబ్బరు బాక్స్ మీద నుంచి అర అంగుళం లేచి ఉంటుంది, వాల్యూమ్ పెంచితే కోన్ ఇంకో అర అంగుళం పైకి వస్తుంది, ఇక మిగిలేదేముంది, పోయి చెక్కకి కొట్టుకుంటుంది. ఖాళీ బండిలో డ్రైవర్ ఒక్కడే, లోడుకెళ్తే రెండో డ్రైవర్ ఎడమ సీట్లో, క్లీనర్ బెర్త్ మీద. ఆయన చెప్పింది అక్షరాలా నిజం, నాకే అర్థం కాలేదు.

తగలకపోయినా సందు తగ్గితే బాస్ పోతుంది, ఎందుకంటే కోన్ తోసిన గాలి ఆ సందులోంచే చుట్టూ బయటికి రావాలి. 10 అంగుళాల స్పీకర్‌కి కదిలే కోన్ 8 అంగుళాలు ఉంటుంది, దాని నాలుగో వంతు అంటే 2 అంగుళాల సందు ఉంటే గాలి దారి కోన్ వైశాల్యంతో సమానం. అంగుళానికి దిగితే దారి సగమైపోతుంది, ఇంకా దిగితే బుస్ మనే గాలి చప్పుడు, నీరసం.

దీన్ని పట్టుకోవడానికి నేను చపాతీ పిండి వాడతాను. నిమ్మకాయంత ముద్దని పాలిథిన్ కవర్లో చుట్టి స్పీకర్ ఇనప ఫ్రేమ్ మీద పెట్టండి, కోన్ మీద మాత్రం పెట్టొద్దు. బెర్త్ వేసి ఒక మనిషిని కూర్చోబెట్టి, గోతుల్లో ఎగిరినట్టు రెండు మూడుసార్లు ఎగిరి కూర్చోమనండి. తీసి ముద్ద మందం స్కేలుతో కొలవండి, మీ అసలు సందు అదే. ఆ బండిలో ముప్పావు అంగుళం కూడా రాలేదు.

బాగు చేయడానికి బెర్త్ చెక్క కింద అడ్డంగా రెండు ఎల్ యాంగిల్స్ వెల్డింగ్ చేయించాను, బరువు బాక్స్ మీదా చెక్క మీదా కాకుండా క్యాబిన్ ఫ్రేమ్ మీదకి పోయేట్టు. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) కనెక్టర్లు పీకించండి, కొత్త బీఎస్6 బండ్లలో అది మర్చిపోతే బాస్ కంటే పెద్ద ఖర్చవుతుంది. వెల్డింగ్ ఇష్టం లేకపోతే బాక్స్ నాలుగు మూలలా 2 అంగుళాల రీపర్ (చెక్క బద్ద) ముక్కలు నిలబెట్టి, కింద బాక్స్ లోపల కూడా అదే చోట చెక్క నిలపండి, లేకపోతే పై పలక వంగి ఒక నెలకి గాలి లీకవుతుంది. బెర్త్ ముందు పలకకి కన్నాలు పెట్టండి, దుప్పట్లు, తాళ్ళు చుట్టూ కుక్కి దారి మూయొద్దు.

ఒక చోట నుంచి ఉస్ మని శబ్దం, కొత్తలో ఉన్నంత పట్టు లేదు

గాలి లీకు. 30, 40 హెర్ట్జ్ టోన్ (బాగా లోతైన ఒకే శబ్దం) పెట్టి వెలిగించిన అగరుబత్తి అతుకుల వెంట, టెర్మినల్ ప్లేట్ చుట్టూ నెమ్మదిగా తిప్పండి, పొగ వణికిన చోటే కన్నం. ఫెవికాల్‌లో రంపపు పొట్టు కలిపి పూడ్చండి. సిలికాన్ వేస్తే ఒక రోజంతా ఆరనిచ్చి అప్పుడు స్పీకర్ బిగించండి, పచ్చిగా ఉన్నప్పుడు వచ్చే ఆవిరి స్పీకర్ జిగురుకి మంచిది కాదు.

పెద్ద వాల్యూమ్‌లో ఆంప్ ఆగి మళ్ళీ వస్తోంది

లారీ 24 వోల్ట్‌లు, ఆంప్ 12. రెండు బ్యాటరీల్లో ఒకదాన్నుంచి 12 లాగితే ఆ బ్యాటరీ ఎండిపోతుంది, రెండోది ఎక్కువ ఛార్జ్ అయి ఉడుకుతుంది, అలా అస్సలు చేయొద్దు. 24ని 12 చేసే కన్వర్టర్ పెట్టండి, అది కూడా 10 ఆంపియర్లది కాదు, 300 వాట్ల ఆర్ఎంఎస్ (నిలకడగా ఇచ్చే పవర్) ఆంప్ గట్టిగా వాయిస్తే 30 ఆంపియర్ల దాకా లాగుతుంది.

కాయిల్ కాలడం, మాగ్నెట్ జరగడం లాంటివి కూడా ఉంటాయి గానీ అరుదు. కాయిల్ కాలితే వాసనే చెప్తుంది, మాగ్నెట్ జరిగితే కోన్‌ని చేత్తో నెమ్మదిగా నొక్కినప్పుడు గీసుకుంటున్న చప్పుడు వస్తుంది. బాక్స్ బిగించాక మొదటి లాంగ్ ట్రిప్ వెళ్ళొచ్చి స్క్రూలన్నీ ఇంకోసారి బిగించండి, అప్పుడే పిండి ముద్ద కూడా మళ్ళీ పెట్టి చూడండి.