గల్ఫ్ నుంచి ఊరికి వచ్చేస్తున్నారా? అక్కడి పని అక్కడే ముగించుకోండి

సౌదీ అరేబియాలోని రియాద్‌లో ఏసీ మెకానిక్‌గా పనిచేసి ఊరికి వచ్చేశాను. కోరుట్ల దగ్గర మా ఊళ్లో గల్ఫ్‌తో సంబంధం లేని గడప వెతికినా దొరకదు. నాకు అరబ్బీ కాగితాలు కాస్త చదవడం వచ్చు కాబట్టి, తిరిగొచ్చినవాళ్లు ఫైళ్లు పట్టుకుని మా అరుగు మీదికి వస్తుంటారు. వాళ్లలో చాలామందికి చెప్పాల్సి వచ్చే మాట, నాకు చెప్పబుద్ధి కాని మాట ఒకటే: ఈ పని విమానం ఎక్కకముందే కావాల్సింది. అందుకే ఇంకా అక్కడే ఉన్నవాళ్లకోసం ఇది రాస్తున్నాను.

ముందు సర్వీసు డబ్బుల సంగతి, అంటే పని ముగించి వచ్చేటప్పుడు యజమాని ఇవ్వాల్సిన మొత్తం. అది యజమాని దయ కాదు, సౌదీ చట్టం ఇచ్చిన హక్కు. మొదటి ఐదేళ్లకు ఏడాదికి సగం నెల జీతం, ఆ తర్వాత ఏడాదికి పూర్తి నెల జీతం చొప్పున లెక్కకట్టాలి. మీరే రాజీనామా చేస్తే మాత్రం కోత పడుతుంది. రెండేళ్లు నిండకపోతే ఏమీ రాదు. ఐదేళ్లలోపైతే మూడోవంతు, పదేళ్లలోపైతే మూడింట రెండు వంతులు, పదేళ్లు దాటితే మొత్తం ఇస్తారు. పదిహేను వందల రియాళ్ల జీతంతో ఆరేళ్లు చేసినవారికి 5,250 రియాళ్లు రావాలి. తొందరపడి రాజీనామా రాస్తే అది 3,500 అవుతుంది. కాంట్రాక్టు గడువు ముగిశాక వచ్చేస్తే పూర్తి మొత్తం మీదే. కాబట్టి తేదీ చూసుకోకుండా రాజీనామా కాగితం ఇవ్వకండి. కంపెనీ తీసేస్తే వారంలోగా, మీరు మానేస్తే రెండు వారాల్లోగా లెక్క తేల్చాలి. ఇళ్లలో, తోటల్లో పనిచేసేవారికి నిబంధనలు వేరు.

ఎగ్జిట్ (దేశం విడిచి వెళ్లే అనుమతి) కొట్టే ముందు ఒక అరబ్బీ కాగితం ముందు పెట్టి సంతకం చేయమంటారు. సాధారణంగా అందులో ఉండేది ‘నాకు రావాల్సినవన్నీ ముట్టాయి’ అని. డబ్బు ఖాతాలో పడ్డాకే దాని మీద చేయి పెట్టండి. అరబ్బీ రాకపోయినా అంకెలు గుర్తుపట్టడం నేర్చుకోండి. గుండ్రంగా సున్నాలా కనిపించేది ఐదు. చిన్న చుక్క పెడితే అది సున్నా. మనం ఏడు అనుకునేది అక్కడ ఆరు. మిగతా అంకెలతో పాటు ఈ మూడూ తెలిస్తే కాగితం మీద ఎంత రాశారో మీకే అర్థమవుతుంది. సంతకానికి ముందు ప్రతి పేజీ ఫొటో తీసి ఇంటికి పంపండి. ఫైనల్ ఎగ్జిట్ పడిన నాటి నుంచి దేశం విడిచి వెళ్లడానికి 60 రోజులు ఉంటాయి. చేతిలో సమయం ఉన్నప్పుడు ‘టికెట్ రేపే’ అని ఎవరు తొందరపెట్టినా బెదరకండి.

కఫీల్ (యజమాని) హురూబ్, అంటే పని వదిలి పారిపోయారని ఫిర్యాదు, పెట్టినవారిది, అకామా (నివాస అనుమతి) పోయి కల్లివెల్లిగా, అంటే కాగితాలు లేకుండా, ఉన్నవారిది వేరే కష్టం. పాస్‌పోర్టు లేకపోతే మన రాయబార కార్యాలయం ఔట్‌పాస్ ఇస్తుంది. అది ఒక్కసారి ఇండియాకు రావడానికే పనికొస్తుంది, దిగగానే విమానాశ్రయంలో తీసేసుకుంటారు. కొత్త పాస్‌పోర్టుకు దాని నకలు కావాలి, అందుకే ముందే ఫొటో తీసి పెట్టుకోండి. టికెట్‌కు కూడా డబ్బు లేనివారు రాయబార కార్యాలయంలో భారతీయ సమాజ సంక్షేమ నిధి కింద సాయం అడగవచ్చు. 2009 నుంచి ఉన్న నిధి అది. అడగడానికి సిగ్గుపడకండి, అది మీలాంటివారి కోసం పెట్టిందే. జీతం కేసు తేలకుండానే రావాల్సి వస్తే, అక్కడ నమ్మకమైన వ్యక్తికి పవర్ ఆఫ్ అటార్నీ (మీ తరఫున కేసు నడిపే అధికారం ఇచ్చే పత్రం) రాసి, ధ్రువీకరణ చేయించి మరీ బయలుదేరండి. అది లేకుండా వస్తే ఇక్కడినుంచి కేసు నడపడం చాలా కష్టం.

ఊరు చేరాక మొదట చూసుకోవాల్సింది ఫోను నంబరు. వెళ్లేముందు వాడిన సిమ్ ఎప్పుడో రద్దయి, ఆ నంబరు ఇంకెవరికో వెళ్లిపోయి ఉండొచ్చు. ఆధార్‌కూ బ్యాంకుకూ అదే జతచేసి ఉంటే మీ ఓటీపీలు వాళ్లకు పోతాయి. కొత్త నంబరు ఆధార్ కేంద్రంలో ఎక్కించేటప్పుడే వేలిముద్రలు కూడా మళ్లీ ఇవ్వండి. ఏళ్ల తరబడి సిమెంటు, ఇనుము పట్టిన చేతుల్లో గీతలు అరిగిపోతాయి, రేషన్ దుకాణంలో యంత్రం గుర్తుపట్టదు. మా పక్కవీధి పెద్దాయన ఒక్కో వేలూ లుంగీకి తుడిచి తుడిచి పెట్టడం నా కళ్లారా చూశాను. వెనక క్యూలో ఉన్నవాళ్లు విసుక్కుంటుంటే ఆయన తల ఎత్తలేకపోయాడు. తర్వాత బ్యాంకు. రెండేళ్లు లావాదేవీ లేని ఖాతా స్తంభించిపోతుంది, కేవైసీ (గుర్తింపు, చిరునామా కాగితాలు) ఇచ్చి తెరిపించుకోవాలి. ఎన్ఆర్‌ఈ ఖాతా (విదేశాల్లో ఉండే భారతీయులకు బ్యాంకు ఇచ్చే ఖాతా) ఉంటే, తిరిగి వచ్చేశానని చెప్పి మామూలు ఖాతాగా మార్పించుకోవాలి.

కాగితాలకన్నా కష్టమైనది ఇల్లు. మీరు లేని రోజుల్లో పొలం, పిల్లల ఫీజులు, మహిళా సంఘం అప్పు, అత్తమామల మందులు అన్నీ మీ భార్యే నెట్టుకొచ్చింది. వచ్చిన మర్నాడే తాళాలు లాక్కోకండి. ఒక రాత్రి ఇద్దరూ కూర్చుని, ఎవరికెంత బాకీ, నూటికెంత వడ్డీ, తాకట్టులో ఏముంది, అన్నీ నోటుపుస్తకంలో రాయండి. ఎక్కువ వడ్డీది ముందు తీర్చండి. మొదటి వారం చుట్టాలు చేబదులు అడుగుతారు, ‘లెక్క తేలాక చెబుతాం’ అని ఇద్దరూ ఒకే మాట మీద ఉండండి. కారు, స్థలం జోలికి అప్పుడే పోవద్దు. చిన్నపిల్లలు కొత్తవారిని చూసినట్టు చూస్తే నొచ్చుకోకుండా, బడికి దింపి రావడంతో మొదలుపెట్టండి. నిద్ర పట్టకపోయినా, మందు వైపు మనసు లాగినా సర్కారు ఆసుపత్రికి వెళ్లి డాక్టరుకు చెప్పండి. ఈ విషయం దాచుకుని పాడైపోయిన మంచి మనుషులు నాకు తెలుసు.

చేతిలో డబ్బు అడుగంటే సమయానికి ఏజెంటు గుమ్మం ముందుకు వస్తాడు. మళ్లీ వెళ్లడం తప్పని నేను అనను. అతని లైసెన్సు నంబరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉందో లేదో ముందు చూడండి. చట్టప్రకారం అతను తీసుకోగల రుసుము 30,000 రూపాయలు, దానిపైన జీఎస్టీ. రసీదు ఇవ్వకపోయినా, విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ ఉద్యోగ వీసాగా మార్చుకోవచ్చని చెప్పినా పాస్‌పోర్టు అతని చేతిలో పెట్టకండి.