గ్రావెల్ బైక్‌కి ట్యూబ్‌లెస్ టైర్లు, డిస్క్ బ్రేకులు: ఇంట్లోనే అమర్చుకునే పద్ధతి

కాలువ గట్ల మీద పల్లేరు కాయలు, చెరువు కట్టల పక్కన సర్కారు తుమ్మ ముళ్లు. మన మట్టి దారుల్లో ట్యూబు ఉన్న టైర్లతో తిరిగితే పంచర్లు వేసుకోవడంతోనే పొద్దు గడిచిపోతుంది. అందుకే గ్రావెల్ బైక్ (మట్టి, కంకర దారుల కోసం చేసిన సైకిలు) కొన్నవాళ్లు ముందుగా మార్చుకోవాల్సింది టైర్లే, లోపల ట్యూబు లేకుండా గాలి నిలిచే ట్యూబ్‌లెస్ రకానికి. ఆ పని చేసేటప్పుడు ఒక వరస పాటించాలి: టైర్లు ముందు, బ్రేకులు తర్వాత. సీలెంట్ (రంధ్రాలు పూడ్చడానికి టైరులో పోసే ద్రవం) గానీ సబ్బునీళ్లు గానీ రోటర్ (చక్రంతో తిరిగే బ్రేకు బిళ్ల) మీద పడితే ఆ మురికి, రోటర్‌ని నొక్కే ప్యాడ్లకు పట్టి బ్రేకు కీచుమంటుంది, పట్టు తగ్గుతుంది.

చక్రాలు విప్పగానే క్యాలిపర్లలో (ప్యాడ్లు ఉండే బ్రేకు భాగం) ప్యాడ్ల మధ్య ప్లాస్టిక్ ముక్క పెట్టండి. అది లేకపోతే మడతపెట్టిన అట్టముక్క చాలు. తర్వాత రోటర్లు విప్పి శుభ్రమైన కాగితంలో చుట్టి పక్కన పెట్టండి. ఆరు బోల్టుల రోటర్‌కి టీ25 (నక్షత్రం ఆకారపు మొన ఉన్న) కీ కావాలి. సెంటర్‌లాక్ (మధ్యలో ఒకే రింగుతో బిగించే రకం) అయితే లాక్‌రింగ్ టూల్ కావాలి. దాని పళ్లు లోపల ఉన్నాయా, బయట ఉన్నాయా చూసి తగినదే తీసుకోండి.

టేపు

గాలి నిలవని ట్యూబ్‌లెస్ టైర్లలో చాలావాటికి అసలు తప్పు టేపులోనే ఉంటుంది. టేపు వెడల్పు రిమ్ము లోపలి వెడల్పు కంటే 2 నుంచి 4 మి.మీ. ఎక్కువ ఉండాలి. 23 మి.మీ. రిమ్ముకి 25 నుంచి 27 మి.మీ. టేపు సరిపోతుంది. రిమ్ము లోపలి భాగాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. వాల్వు రంధ్రానికి ఎదురువైపు మొదలుపెట్టి, టేపుని బిగుతుగా లాగుతూ చుట్టి, చివర్లు 10 సెం.మీ. దాకా ఒకదానిమీద ఒకటి పడేలా అంటించండి. నడిమి గాడిలో, అంచుల్లో బుడగలు లేకుండా బొటనవేలితో గట్టిగా ఒత్తాలి. వాల్వు రంధ్రాన్ని బ్లేడుతో కోయకండి, కోత నుంచి టేపు చిరుగుతూ పోతుంది. కాల్చిన సూదితో గుచ్చి, వాల్వునే తోసి రంధ్రం పెద్దది చేయండి. వాల్వు నట్టుని వేళ్లతో బిగిస్తే చాలు. ప్లయర్ వాడితే దారిలో విప్పాల్సి వచ్చినప్పుడు అది కదలదు.

టైరు ఎక్కించడం

టైరు పక్కన ఉన్న బాణం చక్రం తిరిగే దిశకే ఉందా చూడండి. ఒక అంచు పూర్తిగా ఎక్కించాక, రెండోదాన్ని వాల్వుకి ఎదురువైపు మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించండి. ఎక్కిన భాగాన్ని రిమ్ము నడిమి గాడిలోకి నొక్కుతూ వస్తే చివరి జానెడు కూడా చేతులతోనే ఎక్కుతుంది.

మొదటిసారి సీలెంట్ లేకుండానే గాలి కొట్టి చూడటం మంచిది. అంచులకు సబ్బునీళ్లు రాసి, వాల్వు కోర్ (వాల్వు లోపల విప్పగలిగే భాగం) తీసేసి, కంప్రెసర్‌తో గానీ గాలి నిల్వ చేసే ట్యాంకు ఉన్న పంపుతో గానీ ఒక్కసారిగా గాలి పంపండి. పంచర్ షాపు కంప్రెసర్ కూడా పనికొస్తుంది, సన్న వాల్వుకి తగిన అడాప్టర్ మీరే తీసుకెళ్లండి. టప్ టప్ మని అంచులు కూర్చుంటాయి. టైరు మీద రిమ్ముకి దగ్గరగా ఉండే సన్నటి గీత చుట్టూ ఒకే ఎత్తులో కనిపిస్తే సరిగ్గా కూర్చున్నట్టు. టైరు మీద, రిమ్ము మీద రాసిన పరిమితుల్లో తక్కువదాన్ని ఎప్పుడూ దాటకండి. హుక్‌లెస్ (టైరు అంచుని పట్టే కొక్కెం లేని) రిమ్ములకు ఆ పరిమితి 5 బార్, అంటే దాదాపు 72 పీఎస్ఐ. హుక్‌లెస్‌కి పనికొస్తుందని రాసి ఉన్న టైరే వాటికి వేయాలి.

అంచు కూర్చోకపోతే ఒక రాత్రి ట్యూబు వేసి గాలి నింపి ఉంచండి. మర్నాడు ఒక అంచు మాత్రమే విప్పి ట్యూబు తీస్తే, రెండోవైపు కూర్చునే ఉంటుంది.

ఇప్పుడు గాలి వదిలి, వాల్వు గుండా సిరంజితో సీలెంట్ పంపండి. 700 బై 40 టైరుకి 60 నుంచి 80 మి.లీ., 50 మి.మీ. టైరుకి 100 మి.లీ. దాకా. సీసాని ముందు బాగా కుదపాలి, రంధ్రాన్ని పూడ్చే రేణువులు అడుగున పేరుకుని ఉంటాయి. వాల్వు కోర్ మళ్లీ బిగించి, గాలి నింపి చక్రాన్ని తిప్పి, ఒక్కో పక్కకి పది నిమిషాలు పడుకోబెట్టండి. టైరు గోడల మీద సన్న బుడగలు వస్తే కంగారు వద్దు, ఆగిపోతాయి. స్పోకుల రంధ్రాల నుంచి గాలి వస్తే మాత్రం టేపు మళ్లీ వేయాల్సిందే.

70 కిలోల మనిషికి 40 మి.మీ. టైర్లలో ముందు 32, వెనక 35 పీఎస్ఐతో మొదలుపెట్టి, రెండేసి తగ్గిస్తూ చూడండి. రాయి తగిలినప్పుడు రిమ్ము చప్పుడు వినిపిస్తే మూడు పెంచండి. మన ఎండలకి సీలెంట్ త్వరగా ఆరిపోతుంది. వేసవిలో రెండు నెలలకోసారైనా చూసి, తగ్గితే కలపాలి.

బ్రేకులు

చేతులు కడుక్కుని, రోటర్లని ఆల్కహాల్‌తో తుడిచి బిగించండి. సెంటర్‌లాక్ రింగుకి 40 న్యూటన్ మీటర్లు. చక్రం ఎక్కించి, యాక్సిల్‌ని దానిమీద రాసినంత బిగించండి. క్యాలిపర్ బోల్టులు రెండూ కాస్త వదులు చేసి, బ్రేకు లివర్ గట్టిగా నొక్కి పట్టుకుని, ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించండి. షిమానో కంపెనీ ఫ్లాట్‌మౌంట్ (ఫ్రేముకి ఆనించి బిగించే) క్యాలిపర్లకి 6 నుంచి 8 న్యూటన్ మీటర్లు. ఒక బోల్టుని ఒకేసారి పూర్తిగా బిగిస్తే క్యాలిపర్ పక్కకి జరుగుతుంది. ఇంకా ఒరుసుకుంటుంటే వెనక తెల్ల కాగితం పెట్టి సందులోంచి చూడండి. ఒకే చోట ఒరుసుకుంటే రోటర్ వంగింది, చుట్టూ ఒరుసుకుంటే క్యాలిపర్ జరగాలి.

లివర్ మెత్తగా హ్యాండిల్ దాకా వస్తుంటే లోపల గాలి చేరింది, బ్లీడ్ చేయాలి, అంటే బ్రేకు ద్రవాన్ని నెట్టి ఆ గాలిని బయటికి పంపాలి. షిమానోకి మినరల్ ఆయిల్. శ్రామ్ కంపెనీ డ్రాప్‌బార్ (కిందికి వంగిన హ్యాండిల్) బ్రేకుల్లో ఎక్కువవాటికి డాట్ ఫ్లూయిడ్ (కార్ల బ్రేకుల్లో వాడే రకం ద్రవం). ఒకదానిలో ఇంకొకటి పోస్తే సీళ్లు పాడైపోతాయి, కాబట్టి లివర్ మీద రాసింది చదివాకే సీసా మూత తీయండి.

షిమానో పద్ధతి ఇది. ప్యాడ్లు తీసి, వాటి చోట పసుపు రంగు ప్లాస్టిక్ దిమ్మ పెట్టి, లివర్ రంధ్రం సమతలంగా ఉండేలా బైకుని వంచి, అక్కడ గరాటు బిగించండి. క్యాలిపర్ నిపుల్‌కి (ఆయిల్ ఎక్కించే చిన్న మొన) కొత్త ఆయిల్ నింపిన సిరంజి తగిలించి, నిపుల్‌ని ఎనిమిదో వంతు తిప్పి, గరాటులో బుడగలు ఆగేదాకా కింది నుంచి నెట్టండి. నిపుల్ మూసి, లివర్‌ని మెల్లగా నొక్కి వదులుతూ, గొట్టాన్ని వేలితో తడుతూ ఉంటే మిగిలిన గాలి పైకి వస్తుంది. లివర్ గట్టిపడ్డాక గరాటుకి మూత పెట్టి విప్పి, స్క్రూ బిగించండి. ఒలికిన ఆయిల్ మొత్తం తుడిచాకే ప్యాడ్లు పెట్టండి. ఆయిల్ తాగిన రెసిన్ ప్యాడ్లని పారేయడమే మంచిది.

కొత్త ప్యాడ్లు వెంటనే పట్టవు. ఖాళీ రోడ్డులో 20 కి.మీ. వేగం నుంచి నడక వేగానికి ఇరవై సార్లు, తర్వాత 30 నుంచి పది సార్లు తగ్గించండి. పూర్తిగా ఆగకూడదు, ఆగితే ప్యాడు పూత రోటర్ మీద ఒక్కచోటే అంటుకుని అదురు వస్తుంది. ముందు బ్రేకు ఏ చేతికి ఉందో కూడా అప్పుడే చూసుకోండి. మన మోటార్‌సైకిళ్లలో కుడిచేతిది ముందు బ్రేకు, బయటి దేశాల నుంచి వచ్చిన సైకిళ్లలో చాలాసార్లు అది ఎడమచేతికి ఉంటుంది.

షిమానో ప్యాడు పదార్థం 0.5 మి.మీ.కి, రోటర్ 1.5 మి.మీ.కి అరిగితే మార్చాలి.

ఇంత చేసినా జేబులో ఒక ట్యూబు, ప్లగ్గులు (పెద్ద రంధ్రంలో దూర్చే రబ్బరు ముక్కలు) ఉండాలి. ట్యూబు వేయాల్సి వస్తే ముందు టైరు లోపలంతా వేళ్లతో మెల్లగా తడిమి చూడండి. ఇన్నాళ్లూ సీలెంట్ మూసి ఉంచిన ముళ్లన్నీ అక్కడే గుచ్చుకుని ఉంటాయి. చక్రం బయట ఉన్నంతసేపు బ్రేకు నొక్కకండి. పొరపాటున నొక్కి ప్యాడ్లు మూసుకుపోతే, ప్లాస్టిక్ టైరు లివర్ మధ్యలో పెట్టి మెల్లగా వెనక్కి తోయండి.