పదాల పుట్టుక పాఠాలు – 3: నాలుగు భాషలలో ‘కల’

గత పాఠంలో ఒక పదానికి చేరిన ప్రత్యయాలను విడదీసి ధాతువును గుర్తించడం అభ్యసించాము. ఈసారి పని అంతకన్న కష్టమైనది. వేర్వేరు భాషలలో ఒకే తీరుగా వినిపించే పదాలు ఎదురైనప్పుడు, అవి ఒకే మూలం నుంచి వచ్చిన జ్ఞాతి పదాలా, ఒక భాష మరొక భాష నుంచి తెచ్చుకొన్న ఆదాన పదాలా, లేక కాకతాళీయంగా కలిసిన ధ్వనులా అన్నది తేల్చుకోవాలి. శ్రీకాకుళం జిల్లాలో ఉండేవారికి ఈ అభ్యాసానికి కావలసిన సామగ్రి ఇంటి చుట్టూనే దొరుకుతుంది. ఇచ్ఛాపురం బజారులో వినిపించే ఒడియా ఇండో-ఆర్య కుటుంబానికి, మందస, మెళియాపుట్టి కొండ ఊళ్ళలో మాట్లాడే సవర ఆస్ట్రో-ఆసియాటిక్ కుటుంబంలోని ముండా శాఖకు, మన తెలుగు ద్రావిడ కుటుంబానికి చెందినవి. ఈ మూడూ ఒకే సంతలో కలిసి వినిపించినంత మాత్రాన ఒకే పుట్టుక గలవి కావు.

‘కల’ అనే పదాన్ని తీసుకొందాము. తెలుగులో అది నిద్రలో కనేది. ఫిన్లాండు ప్రజల ఫిన్నిష్ భాషలో ‘కల’ అంటే చేప. మలయ్ భాషలో ‘కల’ అంటే కాలం. ఒడియాలో ‘కళా’ అంటే నల్లనిది. ధ్వని దాదాపు ఒకటే అయినా అర్థాలు నాలుగు. ముందుగా మీ నోటుపుస్తకంలో వీటిని నాలుగు వేర్వేరు పుటలలో రాయండి. ఒకే పుటలో రాస్తే వాటిని కలపాలన్న కోరిక తనంతట తానే పుడుతుంది. ‘కలలో చేప కనబడితే మంచి కాలం’ వంటి కథలు అల్లడం చాలా తేలిక, వాటిని నమ్మడం ఇంకా తేలిక.

మొదట ఇంటి పదం చూద్దాము. తెలుగు ‘కల’కు తమిళంలో ‘కనవు’, కన్నడంలో ‘కనసు’ ఉన్నాయి. మన ‘ల’కారం ఉన్నచోట వారికి ‘న’కారం ఉంది. ఒక్క జతను చూసి తృప్తి పడకూడదు కనుక మరొక జత వెదకాలి. నిద్రలో మాట్లాడటాన్ని మనం ‘కలవరించు’ అంటే, కన్నడంవారు ‘కనవరిసు’ అంటారు. పదం పొడవైనా, అర్థం ఇంత ప్రత్యేకమైనదైనా, మార్పు మాత్రం అదే చోట, అదే తీరున ఉంది. కాకతాళీయం ఇంత క్రమంగా ఉండదు. ఇవి జ్ఞాతి పదాలే. అయితే తెలుగులోనే ‘ధనం కలవాడు’ అన్నచోట మరొక ‘కల’ ఉన్నది. అది ‘కలుగు’ ధాతువుకు చెందినది, నిద్రతో దానికి సంబంధం లేదు. ఒకే భాషలోనే రెండు మూలాలు ఒక ధ్వనిలో కలిసిపోగలిగినప్పుడు, వేల మైళ్ళ దూరంలోని భాషల మధ్య అటువంటి కలయికను చూసి ఆశ్చర్యపడనక్కరలేదు.

ఇప్పుడు చేప సంగతి. ఫిన్నిష్ ‘కల’ను తెలుగు పక్కన పెట్టి తేల్చలేము, దాని చుట్టాలను దాని పక్కనే వెదకాలి. హంగేరియన్‌లో చేపను ‘హల్’ అంటారు. పైకి ఈ రెండూ అంత దగ్గరగా వినిపించవు. కాని ఫిన్నిష్‌లో మూడు ‘కొల్మె’ అయితే హంగేరియన్‌లో ‘హారొమ్’. ఫిన్నిష్‌లో గుడిసె ‘కొత’ అయితే హంగేరియన్‌లో ఇల్లు ‘హాజ్’. ‘క’కారం ఉన్నచోట ‘హ’కారం వరుసగా వస్తున్నది. ఇది మనకు కొత్త కాదు. మన పాలు, పులి, పువ్వు కన్నడంలో హాలు, హులి, హూవు అవుతాయి కదా! అచ్చంగా ఒకేలా వినిపించే తెలుగు ‘కల’, ఫిన్నిష్ ‘కల’ ఏమీ కానివి. భిన్నంగా వినిపించే ‘కల’, ‘హల్’ ఒకే మూలానివి. ఈ పాఠంలో గట్టిగా పట్టుకోవలసినది ఇదే. చెవికి తోచే పోలికను కాక, తిరిగి తిరిగి వచ్చే ధ్వని మార్పును సాక్ష్యంగా తీసుకోవాలి.

మలయ్ ‘కల’ కథ వేరు. అది సంస్కృత ‘కాల’ శబ్దమే. ఒక్క పదం చూసి ఇలా అనడం దుడుకుతనం అవుతుంది కాని, దానికి తోడు ‘సెంజకల’ ఉంది, అది సంధ్యాకాలం. సుమత్రాలోని పాలెంబాంగ్ దగ్గర దొరికిన కెడుకాన్ బుకిట్ శాసనం పాత మలయ్ శాసనాలలో ఎంతో ప్రాచీనమైనది. దాని మొదటి పంక్తులలోనే శక సంవత్సరం 605, ఏకాదశి, శుక్లపక్షం, వైశాఖం అని ఉన్నాయి. నెలకు మాత్రం ‘వులన్’ అనే దేశిపదం ఉంది. పంచాంగం వెళ్ళినచోటికి పంచాంగం మాటలూ వెళ్ళాయన్నమాట. వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం వంటి రేవులున్న ఈ తీరంవారికి సముద్రం మీద మాటలు ప్రయాణం చేశాయంటే నమ్మశక్యం కానిదేమీ లేదు. ఆదానమని చెప్పాలంటే ఇలా రాకపోకల సాక్ష్యం, ఒకే రంగానికి చెందిన పదాల గుంపు, రెండూ చూపాలి.

ఒడియా ‘కళా’ నల్లని అని అర్థమిచ్చే సంస్కృత ‘కాల’ నుంచి క్రమంగా దిగివచ్చినది. దానిని గురించి ఇక్కడ ఇంతకన్న చెప్పనక్కరలేదు.

సవర విషయంలో ఈ పద్ధతి పాటించకపోతే పెద్ద అన్యాయం జరుగుతుంది. పక్క ఊరి భాష కనుక అది చెడిన తెలుగేమో అనుకొనేవారు ఇప్పటికీ ఉన్నారు. నీటికి సవరలో ఉన్న మాట దాదాపు ‘డాఆ’ అని వినిపిస్తుంది. దాని జ్ఞాతులు మన నీరులోనో ఒడియా ‘పాణి’లోనో లేవు, ముండా శాఖదే అయిన సంతాలీ భాషలోని ‘దాక్’లోనూ, అదే ఆస్ట్రో-ఆసియాటిక్ కుటుంబానికి చెంది దూరాన ఉన్న కాంబోడియా ఖ్మేరు భాషలోని ‘టిక్’లోనూ ఉన్నాయి. శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరులతో కలిసి మెలిసి ఆ భాష నేర్చుకొని, 1931లో దాని వ్యాకరణాన్ని, 1938లో నిఘంటువును వెలువరించారు. నిఘంటువు లేని భాషలో వరుసలు వెదకడం ఎవరి తరమూ కాదు. మనకు ఆ సాధనం సిద్ధంగా దొరికిందంటే అది వారి శ్రమ ఫలమే.

అభ్యాసం: కన్నుకు మలయ్‌లో ‘మత’, నేటి గ్రీకులో ‘మాతి’ అంటారు. గ్రీకు పదం ‘ఒమ్మాతియోన్’ అనే పాత రూపం నుంచి మొదటి అక్షరాలు ఊడిపోయి ఏర్పడింది. ఈ రెండు పదాలు పైన చెప్పిన మూడు తరగతులలో దేనికి చెందుతాయో కారణంతో సహా రాయండి. తరువాత చుట్టు, పుట్ట అనే పదాలకు కన్నడ రూపాలైన సుత్తు, హుత్తలను పక్కన పెట్టి, మన ‘ట’కారానికి అక్కడ ఏ ధ్వని వస్తున్నదో గుర్తించి, దానిని బట్టి ‘మాట’కు కన్నడ రూపం ఎలా ఉండాలో నిఘంటువు తెరవకముందే ఊహించండి. నాలుగవ పాఠం ఆ జవాబుతో మొదలవుతుంది.