పింఛను ఆగితే ఒక దారి, పీఎం కిసాన్ ఆగితే ఇంకో దారి

మాది శింగనమల పక్క పల్లె. ఎవరికి ఏ డబ్బు ఆగినా కాగితాల సంచీతో మా ఇంటికే వస్తారు. నేను ముందు అడిగేది ఒకటే: ఆగింది పింఛనా, పీఎం కిసానా?

వృద్ధాప్య పింఛను నెలకు 4,000. అందులో కేంద్రం వాటా, అదీ అందరికీ కాదు, 200. ఎనభై నిండితే 500. మిగతాది రాష్ట్రానిదే. అందుకే పింఛను ఆగితే ఊరి సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంటును అడగాలి. చెనక్కాయలు ఒలిచి ఒలిచి వేలిముద్ర అరిగిపోయుంటే, ముఖం ఫొటోతో చూడమనండి.

పీఎం కిసాన్ వేరే సంగతి. ఏడాదికి 6,000, మూడు విడతలుగా, కేంద్రమే ఖాతాలో వేస్తుంది. మా చిన్నమ్మ దీనికోసం మూడుసార్లు సచివాలయానికి తిరిగింది, ఒకటే టెన్షన్. తీరా చూస్తే డబ్బులు పడుతూనే ఉన్నాయి, ఆమె మరిచిపోయిన పాత ఖాతాలో! ఆధార్ ఏ బ్యాంకుకు లింకై ఉంటే అక్కడికే పోతాయి మరి. ముందు అది చూసుకోండి, తర్వాత ఈకేవైసీ, అంటే ఆధార్‌తో మీరు మీరేనని రుజువు చేసుకోవడం, అయిందో లేదో చూడండి. భూమి వివరాల్లో తప్పుంటే మాత్రం మళ్లీ మన ఊరి రైతు సేవా కేంద్రమే దిక్కు.

ఎక్కడా కదలకపోతే సోమవారం అనంతపురం కలెక్టరేటులో అర్జీ ఇవ్వండి. రసీదు చేతికి రాకుండా బయటికి రావద్దు.