సిమ్ హాకీ లీగ్‌లో టీమ్ అవార్డులు: ఎవరికి ఇవ్వాలి, ఏ లెక్కన ఇవ్వాలి

సిమ్ హాకీ లీగ్ అంటే ఐస్ హాకీ మ్యాచ్‌లని కంప్యూటర్ సిమ్యులేటర్ ఆడించే లీగ్, ఒక్కో టీమ్‌ని ఒక్కో జీఎమ్ (జనరల్ మేనేజర్) నడుపుతాడు. రెగ్యులర్ సీజన్ చివరి మ్యాచ్ సిమ్ అవగానే మీ టీమ్ స్టాట్స్ మొత్తం ఒక స్ప్రెడ్‌షీట్‌లోకి దించుకోండి. అవార్డుల సంగతి తర్వాత. కొన్ని సిమ్యులేటర్లు సీఎస్‌వీ ఫైల్ ఇస్తాయి, ఇవ్వకపోతే పేజీలో ఉన్న పట్టికను కాపీ చేసి అతికించినా సరిపోతుంది. లీగ్ నడిపే కమిషనర్ కొత్త సీజన్‌కి రోల్‌ఓవర్ చేసేశాడంటే మ్యాచ్‌ల వారీ వివరాలు మళ్లీ దొరుకుతాయన్న గ్యారంటీ లేదు. స్కేటర్లకైతే, అంటే గోలీ కాని ఆటగాళ్లకి, మ్యాచ్‌లు, గోల్స్, అసిస్టులు (గోల్‌కి దారితీసిన పాస్‌లు), షాట్లు, ఐస్ టైమ్ (ఆడిన నిమిషాలు), పవర్‌ప్లే (పెనాల్టీ వల్ల అవతలివాళ్లు తక్కువమందితో ఆడే సమయం) పాయింట్లు, పెనాల్టీ కిల్‌లో (మనమే తక్కువమందితో ఆడే సమయం) ఆడిన నిమిషాలు కావాలి. గోల్స్, అసిస్టులు కలిపితే పాయింట్లు. గోలీలకి ఎదుర్కొన్న షాట్లు, వదిలిన గోల్స్ చాలు. మధ్యలో ట్రేడ్‌లో వచ్చినవాడి అంకెల్లో పాత టీమ్‌వి కూడా కలిసి ఉంటాయి. వాటిని తీసేసి, మన జెర్సీలో ఆడినవి మాత్రమే ఉంచండి.

ఇప్పుడు అసలు విషయం. నేను జీఎమ్‌గా ఉన్న టీమ్ చాలా సీజన్లుగా పట్టిక మధ్యలోనే తిరుగుతోంది. లీగ్ అవార్డుల్లో మావాళ్ల పేర్లు పెద్దగా కనబడవు. అందుకే టీమ్ అవార్డులంటే నాకు కాస్త పట్టుదల ఎక్కువ. చాలామంది జీఎమ్‌లు ఇక్కడ చేసేది ఒకటే: స్టాట్స్ పేజీ తెరుస్తారు, ఒక్కో కాలమ్‌లో పైనున్న పేరు తీసుకుని అవార్డు ఇచ్చేస్తారు. ఆ పని స్టాట్స్ పేజీ ఎలాగూ చేస్తోంది కదా, మళ్లీ మనమెందుకు? సిమ్‌లో ఒక ఆటగాడు బాగా ఆడాడంటే మామూలుగా కారణాలు రెండు. ఒకటి వాడి రేటింగ్. రెండోది మనమే వాడికి ఇచ్చిన నిమిషాలు, పక్కన పెట్టిన జోడీ. ఈ రెండింటినీ పక్కకి తీశాక వాడి ఖాతాలో ఇంకా ఏమైనా మిగిలితే, నా దృష్టిలో అవార్డు దానికే.

అవార్డుల సంఖ్య తక్కువ పెట్టుకోండి. మ్యాచ్‌కి దిగేది పద్దెనిమిది మంది స్కేటర్లు, ఇద్దరు గోలీలు. అందులో పన్నెండు మందికి ఏదో ఒకటి దొరికితే మిగతా ఎనిమిది మందికి ఎందుకు రాలేదన్నదే వార్త అవుతుంది. నేను ఇచ్చేవి టీమ్ ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు), ఉత్తమ డిఫెన్స్‌మన్, గోలీ అవార్డు, రూకీ (మొదటి సీజన్ ఆడుతున్నవాడు), ఏడో ఆటగాడు (దీని సంగతి కింద చెప్తాను). ప్లేఆఫ్స్‌కి వెళ్తే ఇంకొకటి. రూకీలెవరూ ఆడని సీజన్‌లో రూకీ అవార్డు ఇవ్వను. ఖాళీగా వదిలేస్తే తప్పేం లేదు.

ఎంవీపీతో మొదలుపెడదాం. ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ ఐస్ హాకీ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో హార్ట్ ట్రోఫీ అత్యధిక పాయింట్లు చేసినవాడికి కాదు, దానికి ఆర్ట్ రాస్ ట్రోఫీ వేరే ఉంది. హార్ట్ తన టీమ్‌కి ఎక్కువ విలువైనవాడికి ఇచ్చేది. ఆ తేడా మీ టీమ్‌లోనూ పాటించండి. టీమ్ కొట్టిన గోల్స్‌లో ఎన్నింట్లో వాడి చెయ్యి ఉందో చూడండి. ఉదాహరణకి టీమ్ 82 మ్యాచ్‌ల్లో 240 గోల్స్ కొట్టింది, ఒక వింగర్ (పక్క నుంచి ఆడే ఫార్వర్డ్) అన్ని మ్యాచ్‌లూ ఆడి 84 పాయింట్లు చేశాడు. అంటే 35 శాతం. గాయంతో 20 మ్యాచ్‌లు పోగొట్టుకున్న సెంటర్ (మధ్యలో ఆడే ఫార్వర్డ్) ఒకడు, తాను ఆడిన 62 మ్యాచ్‌ల్లో టీమ్ కొట్టిన 186 గోల్స్‌లో 65 పాయింట్లు చేశాడు. అదీ సుమారు 35 శాతమే. సెంటర్ ఉన్నప్పుడు టీమ్ మ్యాచ్‌కి సరిగ్గా మూడు గోల్స్, లేనప్పుడు 54 గోల్స్, అంటే 2.7. చూడగానే సెంటర్‌కే ఇవ్వాలనిపిస్తుంది. కానీ ఆ తేడా 20 మ్యాచ్‌ల మీద మొత్తం ఆరు గోల్స్. సిమ్యులేటర్ పాచికలు ఒక వారం అటూ ఇటూ పడినా అంత తేడా వచ్చేస్తుంది. నేనైతే వింగర్‌కే ఇస్తాను. 82 మ్యాచ్‌లూ లైనప్‌లో ఉండటమూ విలువే.

గేమ్‌విన్నింగ్ గోల్స్ కాలమ్‌ని చూసి మోసపోకండి. ఓడిన టీమ్ మొత్తం స్కోరు కంటే ఒకటి ఎక్కువైన గోల్‌ని గేమ్‌విన్నర్ అంటారు. 6-2తో గెలిచిన మ్యాచ్‌లో మన మూడో గోల్ కొట్టినవాడి ఖాతాలో అది పడుతుంది, ఆ గోల్ రెండో పీరియడ్‌లో నింపాదిగా పడినదైనా సరే. ప్లస్ మైనస్ (వాడు ఐస్ మీద ఉన్నప్పుడు టీమ్ కొట్టిన, ఇచ్చిన గోల్స్ మధ్య తేడా) కూడా అంతే, అది వాడితో కలిసి దిగే లైన్‌ది, వాడిది కాదు. దాన్ని వాడాలనుకుంటే టీమ్‌లో మిగతావాళ్లతో పోల్చి మాత్రమే వాడండి.

డిఫెన్స్‌మన్ విషయంలో పాయింట్ల మోజు మరీ ఎక్కువ. మొదటి పవర్‌ప్లే యూనిట్‌లో అవతలి జోన్ అంచున ఉండే బ్లూలైన్ దగ్గర నిలబెడితే ఎవరికైనా అసిస్టులు వస్తాయి. రాడ్ లాంగ్వే 1983, 1984లో వరుసగా ఎన్‌హెచ్‌ఎల్ ఉత్తమ డిఫెన్స్‌మన్‌కిచ్చే నారిస్ ట్రోఫీ గెలిచాడు. ఆ రెండు సీజన్లలో అతను చేసినవి 32, 33 పాయింట్లే. రెండో ఏడాది ఇంకో డిఫెన్స్‌మన్ పాల్ కాఫీ 126 పాయింట్లు చేశాడు, అయినా ఓట్లు లాంగ్వేకే పడ్డాయి. ఆ తీర్పు సరైనదా కాదా అని ఇప్పటికీ వాదించుకునేవాళ్లున్నారు, నేను మాత్రం లాంగ్వే పక్షమే. మీ డిఫెన్స్‌మెన్ పాయింట్లలోంచి పవర్‌ప్లేవి తీసేయండి. మిగిలిన పాయింట్ల పక్కన పెనాల్టీ కిల్ నిమిషాలు, అవతలివాళ్ల మొదటి లైన్ మీద ఆడాడా లేదా అన్నది రాయండి. అప్పుడు మీకు కనిపించే పేరు చాలాసార్లు వేరే ఉంటుంది.

గోలీ దగ్గర మ్యాచ్‌కి సగటు గోల్స్ చూడొద్దు. అది డిఫెన్స్‌కి పెట్టిన మార్కు. వెజినా ట్రోఫీ కూడా చాలాకాలం తక్కువ గోల్స్ ఇచ్చిన టీమ్ గోలీలకే వెళ్లేది. 1981-82 నుంచి దాన్ని జనరల్ మేనేజర్ల ఓటుకి వదిలేసి, తక్కువ గోల్స్ లెక్కకి జెన్నింగ్స్ ట్రోఫీ వేరుగా పెట్టారు. మనకి కావాల్సింది సేవ్ శాతం, షాట్ల సంఖ్య. ఈ రెంటినీ కలిపి చూడాలి. లీగ్ సగటు 90.5 శాతం అనుకుందాం. మీ మొదటి గోలీ 1800 షాట్లలో 91.2 శాతం ఆపాడు. తేడా 0.7 శాతం, అంటే సగటు గోలీ కంటే దాదాపు 12, 13 గోల్స్ ఎక్కువ ఆపినట్టు. బ్యాకప్ 650 షాట్లలో 91.8 శాతం ఆపాడు. శాతం చూస్తే వాడే మెరుగు, లెక్కేస్తే ఎనిమిది గోల్స్ చిల్లర. అవార్డు మొదటివాడిదే. ఈ తీసివేత, గుణకారం ఒక్కసారి షీట్‌లో పెట్టుకుంటే ప్రతి సీజన్‌కీ పనికొస్తుంది.

రూకీకి ముందు నిర్వచనం రాసుకోండి, పేరు తర్వాత. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఉత్తమ రూకీకిచ్చే కాల్డర్ ట్రోఫీకి, ఇంతకుముందు ఏ ఒక్క సీజన్‌లోనూ 25కి మించి మ్యాచ్‌లు ఆడి ఉండకూడదు. వయసు పరిమితి కూడా ఉంది. అది 1990లో సెర్గీ మకారోవ్ 31 ఏళ్ల వయసులో ఈ ట్రోఫీ గెలిచాక వచ్చింది. సోవియట్ జట్టులో అన్నేళ్లు ఆడి వచ్చినవాడు రూకీ ఏమిటని గొడవైంది మరి. సిమ్ లీగ్‌లోనూ ఇలాంటివాళ్లు తగులుతారు: యూరప్ నుంచి ఫ్రీ ఏజెంట్‌గా వచ్చిన 28 ఏళ్లవాడు, సాంకేతికంగా ఇదే మొదటి సీజన్. లీగ్ నిబంధన ఏముందో చూసి, లేకపోతే మీరే ఒక గీత గీసుకోండి. కానీ సీజన్ మొదలుకాకముందే గీయండి. అంకెలు చూశాక గీసిన గీత మనకు నచ్చినవాడి చుట్టూనే తిరుగుతుంది.

బాగా మెరుగుపడినవాడు అన్న అవార్డు నేను ఇవ్వను. నిజమైన ఆటగాళ్ల మీద నడిచే లీగుల్లో రేటింగ్‌లు ఏటా అసలు స్టాట్స్‌ని బట్టి మారుతుంటాయి. అలాంటి చోట మెరుగుపడింది వాడి రేటింగే. ఇంకో చిక్కు: పోయిన సీజన్‌లో 140 షాట్లకి 14 గోల్స్ కొట్టినవాడు ఈసారి అవే 140 షాట్లకి 27 కొట్టాడనుకోండి. ఆట మారలేదు, పక్‌లు (బంతి బదులు వాడే బిళ్లలు) లోపలికి పడ్డాయంతే. వచ్చే సీజన్‌లో వాడు మళ్లీ 15 దగ్గరికి వస్తే అవార్డు వెక్కిరిస్తున్నట్టుంటుంది.

ఇక నాకు ఇష్టమైనది, ఏడో ఆటగాడు. పేరు నా సొంతం కాదు. బోస్టన్ బ్రూయిన్స్ ఎన్నో ఏళ్లుగా సెవెంత్ ప్లేయర్ అవార్డు ఇస్తోంది. ఐస్ మీద ఉండేది ఆరుగురు. అనుకున్నదానికి మించి ఆడి టీమ్‌కి ఏడో మనిషి దిగినంత పని చేసినవాడికి అభిమానులు ఓటేసి ఇచ్చేది ఇది. సిమ్ లీగ్‌కి దీనికంటే సరిపోయే అవార్డు లేదు, ఎందుకంటే ఇక్కడ అంచనా అన్నది గాలిమాట కాదు, రేటింగ్ రూపంలో కళ్లముందే రాసుంది.

నేను చేసే పద్ధతి ఇది. స్కేటర్లందరినీ ఓవరాల్ రేటింగ్ ప్రకారం వరుసలో పెట్టి ఒక ర్యాంకు ఇస్తాను. తర్వాత పవర్‌ప్లే కాని పాయింట్లను అరవై నిమిషాల ఐస్ టైమ్‌కి లెక్కేసి రెండో ర్యాంకు. రెండు ర్యాంకుల మధ్య తేడా ఎవరికి ఎక్కువుందో చూస్తాను. డిఫెన్స్‌మెన్‌కి వేరే వరుస పెట్టాలి, ఫార్వర్డ్‌లతో కలిపితే వాళ్లెప్పుడూ కిందే ఉంటారు. నాలుగో లైన్ సెంటర్ మ్యాచ్‌కి పది నిమిషాలు, అంటే సీజన్‌కి 820 నిమిషాలు ఆడి 18 పాయింట్లు చేశాడనుకోండి. అరవై నిమిషాలకి 1.3. రెండో లైన్ వింగర్ మ్యాచ్‌కి పద్నాలుగు నిమిషాల చొప్పున 1148 నిమిషాల్లో 22 చేశాడు. అది 1.15. పాయింట్ల పట్టికలో వింగర్ పైనుంటాడు, నా పట్టికలో సెంటర్.

అక్కడితో ఆపొద్దు. వాడి పక్కన ఎవరు ఆడారో చూడండి. పెద్ద వింగర్ గాయం నుంచి తిరిగొస్తూ నెల రోజులు నాలుగో లైన్‌లో ఆడితే, ఆ నెలలోనే ఈ సెంటర్ పాయింట్లన్నీ వచ్చుండొచ్చు. అందుకే మ్యాచ్‌ల వారీ ఫైల్ దాచుకోమన్నది. 40 మ్యాచ్‌లకి తక్కువ ఆడినవాళ్లని పోటీలోంచి తీసేయండి, పదిహేను మ్యాచ్‌ల్లో ఎవడైనా హీరోలా కనిపిస్తాడు. చివరికి ఇద్దరు ముగ్గురు మిగులుతారు. అప్పుడు ఫేసాఫ్‌లు (ఆట మొదలయ్యేటప్పుడు పక్ కోసం ఇద్దరి పోటీ), పెనాల్టీ కిల్, జీతం చూస్తాను. లీగ్‌లో శాలరీ క్యాప్ (టీమ్ మొత్తం జీతాల మీద పరిమితి) ఉంటే, కనీస జీతం మీద ఆడుతూ ఈ పని చేసినవాడికే నా ఓటు. వాడు మిగిల్చిన డబ్బుతోనే మనం రెండో గోలీని కొనుక్కున్నాం కదా.

పెద్దమనిషి తరహా అవార్డుకి పెనాల్టీ నిమిషాలు తక్కువున్నవాడిని చూసి ఇచ్చేయొచ్చు, కానీ సిమ్‌లో అది రేటింగ్ బట్టి పడే సంఖ్య. నాయకత్వానికి అవార్డు ఇవ్వడమంటే రేటింగ్ పేజీలోని ఒక అంకెకి దండ వేసినట్టే. రెండూ వద్దు.

మీ లీగ్‌లో ప్రతి ఆటగాడి వెనకా ఒక సభ్యుడు ఉంటే, అంటే ఎవరి ఆటగాణ్ని వాళ్లు తయారుచేసుకుని పెంచుకునే రకం అయితే, అవార్డులు జీఎమ్ ఒక్కడే తేల్చకూడదు. మనుషులు నొచ్చుకుంటారు. ఓటు పెట్టండి. ప్రతి ఒక్కరూ ముగ్గురి పేర్లు రాయాలి, 5-3-1 పాయింట్లు, తన ఆటగాడికి తాను వేసుకోకూడదు. ఓట్లు రహస్యంగా జీఎమ్‌కి పంపాలి, అందరికీ కనిపించేలా వేస్తే మొదటి ఇద్దరు ఎటు వేస్తే మిగతావాళ్లూ అటే. టై అయితే ఏం చేయాలో ముందే చెప్పండి. 2002 హార్ట్ ట్రోఫీ ఓటింగ్‌లో జోసే థియోడోర్, జరోమ్ ఇగిన్లా సమానంగా నిలిచారు. మొదటి స్థానం ఓట్లు ఎక్కువ ఉన్నాయని థియోడోర్‌కి ఇచ్చారు. అదే నియమం పెట్టుకోవచ్చు. ఇక లాకర్‌రూమ్‌లో చురుగ్గా ఉండి కొత్త సభ్యులకి అన్నీ నేర్పించినవాళ్లకి వేరుగా ఒక అవార్డు పెట్టండి, దాన్ని ఆట అంకెలతో కలపొద్దు.

ప్లేఆఫ్స్ అవార్డు ఎప్పుడూ విడిగానే. మిగతా ఓట్లన్నీ ప్లేఆఫ్స్ మొదలవకముందే మూసేయండి, లేకపోతే ఒక్క ఓవర్‌టైమ్ గోల్ సీజన్ మొత్తాన్ని మింగేస్తుంది. ఓడిపోయినా ఈ అవార్డు ఇవ్వొచ్చు. 2003లో జాన్ సెబాస్టియన్ జీగేర్ టీమ్ అనాహైమ్ ఫైనల్‌లో ఓడింది, ప్లేఆఫ్స్‌లో అత్యంత విలువైన ఆటగాడికిచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ మాత్రం అతనికే వచ్చింది.

ప్రకటన రాసేటప్పుడు ఒక్కో విజేతకి మూడు వాక్యాలు చాలు. మొదటిది అతన్ని నిలబెట్టిన అంకె. రెండోది ఒక మ్యాచ్, ఎవరి మీద, ఏ పరిస్థితిలో. మూడోది రెండో స్థానంలో నిలిచినవాడి పేరు, తేడా ఎంతో. ఇలా ఉంటుంది: ‘రేటింగ్‌లో మా ఫార్వర్డ్‌లలో పదకొండోవాడు, పాయింట్ల రేటులో నాలుగోవాడు. చివరి వారంలో మా మీద ఇద్దరు ఎక్కువున్న పెనాల్టీ కిల్‌లో రెండు నిమిషాలూ తనే ఉన్నాడు, గోల్ పడలేదు. రెండో స్థానం మూడో లైన్ వింగర్‌ది, ఒక్క ర్యాంకు తేడా.’ అద్భుతం, అమోఘం లాంటి మాటలు అక్కర్లేదు. ఒకేసారి అన్నీ పోస్ట్ చేయకుండా రోజుకొకటి వదిలితే నాలుగు మాటలు నడుస్తాయి. ఏడో ఆటగాణ్ని చివరి రోజుకి ఉంచండి.

విజేతల పేర్లు సీజన్, అవార్డు, విజేత, అంకె, రెండో స్థానం అన్న ఐదు కాలమ్‌లలో ఒక శాశ్వత షీట్‌లో రాసి పెట్టండి. అవార్డు తీసుకున్నవాణ్ని డ్రాఫ్ట్ (టీమ్‌లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకోవడం) రోజునే మీరు ట్రేడ్ చేసేయొచ్చు, నేనూ చేశాను. ట్రేడ్ అయినా పేరు ఆ షీట్‌లోనే ఉంటుంది. అవతలి జీఎమ్‌తో బేరమాడేటప్పుడు మాత్రం ఆ మూడు వాక్యాల లింకు పంపడం మర్చిపోకండి, రెండో రౌండ్ పిక్ అడిగే చోట మొదటి రౌండ్ పిక్ అడగొచ్చు.