పోషణ సంరక్షణకు బిడ్డను తెచ్చుకునే ముందు జాగ్రత్తలు

పోషణ సంరక్షణ (ఫాస్టర్ కేర్) అంటే బిడ్డను కొంతకాలం మన ఇంట్లో ఉంచుకుని పెంచడమే తప్ప దత్తత కాదని ఇంట్లో పెద్దలతో సహా అందరికీ ముందే చెప్పాలి. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం బిడ్డను అప్పగించేది బాలల సంక్షేమ సమితి కాబట్టి, శ్రీకాకుళం బస్టాండులోనో ఆసుపత్రిలోనో ఎవరైనా “తీసుకెళ్లి పెంచుకోండి” అంటే ఒప్పుకోకుండా పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయాలి.

సమితి నెలనెలా పరిశీలిస్తుంది. దానిని అవమానంగా తీసుకోకూడదు. బిడ్డ ఫొటోను వాట్సాప్‌లో పెట్టకూడదు.

అన్నిటికంటే ముఖ్యమైనవి మొదటి రాత్రులు. వలస వెళ్లిన తల్లి కోసం ఎదురుచూసే బిడ్డ కంచంలో అన్నం ముట్టకుండా, వెంట తెచ్చుకున్న సంచిని తలకింద పెట్టుకుని పడుకోవచ్చు. ఆ సంచిని ఉతకడానికైనా అడిగే తీయాలి. “మీ అమ్మ వదిలేసింది” అన్న మాట ఇరుగుపొరుగు నోట కూడా రానివ్వకూడదు.