ఇంట్లో హైస్కూలు చదువు మొరాయిస్తోందా? సిలబస్ మార్చే ముందు ఒక తెల్లకాగితం ఇచ్చి చూడండి

బాగా చురుకైన పిల్లల్ని బడి మాన్పించి ఇంట్లోనే హైస్కూలు చదివిస్తున్న తల్లిదండ్రులు నా దగ్గరికి వచ్చేసరికి మూడో సిలబస్ కొని ఉంటారు. మొదటి రెండూ అటకెక్కి ఉంటాయి. నాలుగోది ఏది కొనాలో చెప్పమంటారు. కొనకండి. టైంటేబుల్ వేసుకోవడం, పుస్తకాలు తెప్పించుకోవడం మీకు తెలిసిన పనులే కాబట్టి వాటి జోలికి పోను. ఎక్కడ ఆగిందో మాత్రం చూద్దాం.

లక్షణం: ఏ పుస్తకం తెరిచినా "బోర్" అంటున్నాడు

ముందు టేబుల్ మీద పుస్తకాలు లెక్కపెట్టండి. ఇది ఎవరూ చేయరు. ఎన్‌సీఈఆర్‌టీ ఒకటి, కేంబ్రిడ్జివి కొన్ని, ఎవరో చెప్పారని అమెరికా ఆన్‌లైన్ కోర్సు ఇంకొకటి. ఒకే త్రికోణమితి మూడు చోట్ల మూడుసార్లు చదివితే బోర్ కొట్టక ఏమవుతుంది?

రేపు పరీక్ష రాయబోయే బోర్డు ఏదో ఆ ఒక్కదాని పుస్తకం ఉంచండి. మిగతావి అలమరలో పెట్టండి, కావాలంటే వాడే తీసుకుంటాడు. అలాగే రాత్రి రెండింటి దాకా ఫోన్‌లో చెస్ ఆడుతున్నాడేమో చూడండి. నవ్వకండి, ఇలాంటివి చాలా చూశాను.

లక్షణం: నోటితో చెబితే ప్రొఫెసర్, కాగితం మీద సగం మార్కులు

నన్ను ముంచింది ఇదే. అందుకే కాస్త ఎక్కువ చెబుతాను.

మా అమ్మాయి 13 ఏళ్లకే కాలిక్యులస్ వీడియోలు ఒకటిన్నర స్పీడులో చూసేది. భోజనాల దగ్గర వాళ్ల మేనమామకు లిమిట్ అంటే ఏమిటో అప్పడం ముక్కలు విరిచి చూపిస్తూ చెప్పింది. నేను మురిసిపోయి నా నోటుబుక్కులో ఆ చాప్టర్ ఎదురుగా టిక్కు పెట్టాను. ఏడాదంతా అలాగే టిక్కులు పెట్టుకుంటూ పోయాను. తర్వాత ఒకరోజు ఎన్‌ఐఓఎస్ (ఇంటి నుంచి చదివి పరీక్ష రాయగలిగే జాతీయ ఓపెన్ స్కూలు బోర్డు) సీనియర్ సెకండరీ, అంటే ఇంటర్ స్థాయి మ్యాథ్స్ పాత పేపర్ ఇస్తే రెండు లెక్కలు చేసి లేచిపోయింది. "ఇవి మరీ చప్పగా ఉన్నాయి నాన్నా" అంది. నిజమే కాబోలనుకుని ఇంకా కష్టమైన ఒలింపియాడ్ పుస్తకం కొన్నాను. ఇంకో ఎనిమిది నెలలు పోయాయి.

చివరికి ఒక సాయంత్రం జవాబు మీద కాకుండా ఆమె చేతి మీద కన్నేసి కూర్చున్నాను. ముందు మైనస్ ఉన్న బ్రాకెట్ విప్పేటప్పుడు లోపలి రెండో గుర్తు మార్చడం లేదు. భిన్నాలను కలిపేటప్పుడు మూడు మెట్లు మనసులోనే దాటేసి, నాలుగో మెట్టు దగ్గర తప్పిపోతోంది. ఇవన్నీ ఏడు, ఎనిమిది తరగతుల సంగతులు. ఆ తరగతులు తను వినికిడి మీద దాటేసింది. చేత్తో చేసి దాటలేదు.

మామూలు పిల్లల్లో ఈ లోటు ఆ ఏడాదే బయటపడుతుంది. చురుకైన వాళ్లలో జ్ఞాపకశక్తి దాన్ని మూడు నాలుగేళ్లు మోస్తుంది. పైగా కొన్ని పరీక్షలు కూడా ఈ దాపరికానికి సాయం చేస్తాయి. గణిత ఒలింపియాడ్ తొలి దశ అయిన ఐఓక్యూఎంలో ప్రతి ప్రశ్నకూ ఒక పూర్ణాంకం దిద్దితే చాలు, మెట్లు ఎవరూ అడగరు. ఆ తర్వాతి దశ ఆర్‌ఎంఓలో నిరూపణ మొత్తం రాయాలి, అక్కడ కూలబడతారు. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్‌ఐ) డిగ్రీ ప్రవేశ పరీక్షలోనూ అంతే. ఒక పేపర్ ఆబ్జెక్టివ్, రెండోది వివరంగా రాసేది. "ఆబ్జెక్టివ్ బాగా చేస్తాడండీ, రాసే పేపరే..." అని ఎవరైనా మొదలుపెడితే నేను ఇక వేరే కారణం వెతకను.

పరీక్షించే పద్ధతి ఇది. రెండు తరగతుల కింది పేపర్ తీసుకోండి. తెల్లకాగితం, పెన్ను, గడియారం ఇవ్వండి. రబ్బరు ఇవ్వొద్దు. గదిలోంచి మీరు బయటికి వెళ్లండి. అయ్యాక "ఏం చేశావో చెప్పు" అని అడగొద్దు, చెబితే మళ్లీ మోసపోతారు. రాసిన వరసలు మాత్రం చదవండి. ఒక వరస నుంచి కింది వరసకు మీరు ఎక్కడ దూకాల్సి వచ్చిందో గుర్తుపెట్టండి. గుర్తులన్నీ ఒకటి రెండు చాప్టర్ల చుట్టూనే ఉంటాయి. సోషల్‌కీ ఇదే పద్ధతి. గంటసేపు వాదించిన విషయం మీద ఒక్క పేజీ రాయమనండి. "ఇది చిన్నపిల్లల పేపర్" అని ఎంత చిరాకు పడితే అంత త్వరగా ఇవ్వండి.

సరిచేయడానికి ఎనిమిదో తరగతి మొత్తం మళ్లీ చదివించకండి, పారిపోతారు. కారుతున్న చాప్టర్లు మాత్రమే తీసుకోండి. రోజుకు 20 నిమిషాలు, ఐదు లెక్కలు, అన్ని మెట్లూ కాగితం మీద. పై చదువు మాత్రం పక్కనే నడవనివ్వాలి. నేను ఇక్కడ రెండో తప్పు చేశాను. బేసిక్స్ వచ్చేదాకా కాలిక్యులస్ బంద్ అన్నాను. మూడు వారాలు మాటలు లేవు.

మాకు పనికొచ్చిన చిట్కా ఒకటుంది. ఎనిమిదో తరగతి చదివే పిన్ని కొడుక్కి జవాబు రాసి పంపమన్నాను. ఫోన్ చేసి వివరించకూడదు, వాడు చదివి అర్థం చేసుకోవాలి. వాడు "అక్కా, ఈ మైనస్ ఎక్కడికి పోయింది?" అని అడిగిన రోజు నుంచి ఆమె మెట్లు వదల్లేదు. నేను ఎంత చెప్పినా వినని మాట అది. రెండు నెలల్లో చేయి కుదురుకుంది. ఇప్పుడు మా ఇంట్లో రాసిన కాగితం లేకుండా టిక్కు లేదు.

లక్షణం: 12 ఏళ్లకే పదో తరగతి సిలబస్ అయిపోయింది, ఇక ముందుకు దారి లేదు

కారణం క్యాలెండర్. ఎన్‌ఐఓఎస్ సెకండరీకి, అంటే పదికి, 14 ఏళ్లు నిండాలి, సీనియర్ సెకండరీకి 15. సీనియర్ సెకండరీ పూర్తి చేయాలంటే పది పాసయ్యాక రెండేళ్లు గడవాలి. ఎంత పరిగెత్తినా గేటు తెరిచే వేళకే తెరుస్తారు. ఎదురుచూసే ఆ కాలాన్ని పక్కలకు విస్తరించడానికి వాడండి. నంబర్ థియరీ, ప్రోగ్రామింగ్, చక్కగా తెలుగు రాయడం, ఏదైనా సరే. ఇంటర్ సిలబస్‌లోకి ఇంకా ముందుకు తోయకండి.

సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడు వెనక నుంచి ముందుకు రండి. ఎన్‌ఐఓఎస్‌తో జేఈఈ మెయిన్‌కు వెళ్లాలంటే కనీసం ఐదు సబ్జెక్టులు పాసవ్వాలి. మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీతో సరిపెట్టి భాషను చివరికి నెట్టినవాళ్లు చేతులు కాల్చుకున్నారు. టీఎంఏలు (ఇంట్లో రాసి ఇవ్వాల్సిన అసైన్‌మెంట్లు), ప్రాక్టికల్స్ తేదీలు గోడ మీద అంటించండి. కేంబ్రిడ్జి బోర్డు పరీక్షలు ప్రైవేటుగా రాయించేవాళ్లు పుస్తకాలకంటే ముందు పరీక్షా కేంద్రం ఒప్పుకుంటుందో లేదో కనుక్కోండి.

మిగతా కారణాలు

ట్యూటర్ సరిగా లేడు, గది దిశ బాగాలేదు, తోటి పిల్లలు లేక డల్ అయ్యాడు. మూడోది ఒక్కోసారి నిజమే, వారానికి రెండు సాయంత్రాలు గ్రౌండుకు పంపితే తేలిపోతుంది. మొదటి రెండింటి మీద టైం పెట్టకండి. అక్షరాలు తారుమారు కావడం, రెండు వరసలు రాసేసరికి చేయి నొప్పి లాంటివి ఉంటే మాత్రం ఇంట్లో ప్రయోగాలు వద్దు, డాక్టర్‌కు చూపించండి.